మాజీ సైనికుని మందుల సంచి



ఆహ్వానసంఘమువారు నాకీ పీఠము నొసంగినపుడు, మాజీ సైనికుల వైద్యశాలలలో క్లినికల్ ఫార్మసిస్టుకు ఉండవలసిన అర్హతలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కోరిరి. నలువదియేండ్లు ఫార్మసీ పాఠములు చెప్పి, పదవీవిరమణానంతరము శనివారములందు ఒక పాలీక్లినిక్కు వరండాలో కూర్చుండి ముసలి సైనికుల మందుల సంచులు విప్పి చూచుటయే పనిగా పెట్టుకొన్న నాకు ఇంతకంటె దగ్గర విషయము వేరొకటి లేదు. దగ్గరిదగుటచేతనే దీనియందు సమతూకము పాటింపజాలనేమో. అట్లయినచో తరువాతి గోష్ఠిలో నన్ను ఖండింపవచ్చును. నేడు మాత్రము నా మాట పూర్తిగా వినుడు.

2003 ఏప్రిల్ 1వ తేదీన, మనమందరము ఇ.సి.హెచ్.ఎస్. అని పిలుచుకొను మాజీ సైనికుల కాంట్రిబ్యూటరీ హెల్త్ స్కీము ప్రారంభమైన సంగతియు, పిమ్మట కర్నూలులోను కడపలోను దాని పాలీక్లినిక్కులు వెలసిన సంగతియు మీకు క్రొత్తగా చెప్పవలసినవి కావు. ఆ పాలీక్లినిక్కులలో ఫార్మసిస్టు కొలువునకు వెలువడు ప్రకటనలు నా యొద్ద ఒక కట్ట యున్నవి. అన్నిటిలోను మాట ఒక్కటే: బి.ఫార్మసీ పట్టా, లేదా ఇంటర్మీడియట్టు సైన్సుతో డి.ఫార్మసీ, 1948 నాటి ఫార్మసీ చట్టము క్రింద రిజిస్ట్రేషను, మూడేండ్ల అనుభవము, కాంట్రాక్టు కొలువు. నా కట్టలోని ప్రకటనలలో జీతము నెలకు 28,100 రూపాయలుగా నుండెను. ల్యాబ్ టెక్నీషియనుకును, నర్సింగు అసిస్టెంటుకును అంతే. నే నిందులో జీతము మాట ఎత్తుకొనబోను. అనుభవము మూడేండ్లని వ్రాసినవారు ఏ పనిలో అనుభవమో వ్రాయలేదు, అదియే నా ప్రశ్న. మూడేండ్లు మందుల షాపులో కౌంటరు వెనుక నిలిచి చీటీ చూచి స్ట్రిప్పులు కత్తిరించి యిచ్చిన వాడును, మూడేండ్లు పెద్దాసుపత్రి వార్డులలో రోగి మంచముకడ నిలిచి కేస్‌షీటు చదివిన వాడును ఆ ప్రకటన దృష్టిలో ఒక్కరే.

మరి వార్డులో నిలుచుట నేర్పు చదువు మనకు లేదా? ఉన్నది. 2008లో ఫార్మ్.డి., అనగా డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, నిబంధనలు వచ్చినవి, అయిదేండ్ల చదువు, ఆరవయేడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు, అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిను, మూడు ప్రత్యేక శాఖలలో రెండేసి నెలలు, కాలేజీకి మున్నూరు పడకల ఆసుపత్రి తోడుండవలెనని నియమము. ఈ చదువునకు మన రాయలసీమలో పిల్లలు బారులు తీరిన కారణమును కప్పిపుచ్చుట నాకిష్టము లేదు. 2003 జనవరి 1 తరువాత పట్టా పుచ్చుకొన్న విదేశీయులు అమెరికాలో ఫార్మసిస్టు పరీక్షకు కూర్చుండవలెనన్న అయిదేండ్ల చదువు కావలెనని అక్కడివారు నియమము పెట్టిరి. మన నాలుగేండ్ల బి.ఫార్మసీ దానికి చాలలేదు, ఫార్మ్.డి. చాలినది. ఆ దేశములో మాజీ సైనికుల శాఖవారి ఆసుపత్రులలో క్లినికల్ ఫార్మసిస్టునకు ఎంత గౌరవమో మన పిల్లలు వినియున్నారు: 1990ల నాటినుండియే అక్కడ అతడు తనకు వ్రాసియిచ్చిన పరిధిలో రక్తపోటు, మధుమేహము, నెత్తురు గడ్డకట్టకుండ చేయు మందుల మోతాదులను తానే సరిదిద్దుచున్నాడు. అయితే ఆ కొలువునకు పట్టా, లైసెన్సు మాత్రమే చాలవు. ఆ దేశపు పౌరసత్వము ముందు కావలెను. మన బిడ్డ పదునెనిమిదవయేట మొదలుపెట్టి ఆరేండ్లు చదివిన చదువునకు అక్కడి మాజీ సైనికుని గుమ్మము దూరము. ఇక్కడి మాజీ సైనికుని ఆసుపత్రి ప్రకటనలో ఆ చదువు పేరే లేదు. ఈ రెండు గుమ్మముల నడుమ నిలిచిన పిల్లలు కడప బస్టాండులో నాకు నమస్కరించి, ఏ ఇన్సూరెన్సు కంపెనీలోనో బిల్లులు సరిచూచు పనిలో చేరితిమని చెప్పినపుడు నా మనస్సు చివుక్కుమనును.

ఇంతటి పని యిట్లుండగా, మన సంఘములో నాలుగేండ్లుగా దేనిని గూర్చి వాదించుకొంటిమి? ఫార్మ్.డి. పట్టభద్రులు పేరునకు ముందు 'డాక్టర్' అని వ్రాసికొనవచ్చునా కూడదా యని! ఆ వాదములో ఇరుపక్షముల పెద్దలును ఈ సభలో ఉన్నారు, పేర్లు చెప్పను. ఒక పక్షమువారు వ్రాసికొనుట హక్కనిరి, రెండవవారు అపచారమనిరి; ఉభయులును ఒక్క పాలీక్లినిక్కు మెట్టెక్కలేదు. మిత్రులు మన్నింతురుగాక.

నేను చిన్నతనములో కర్నూలులో మా మేనమామ వెంట డిస్పెన్సరీకి పోవుచుండెడివాడను. అతడు కాంపౌండరు. డాక్టరుగారి చీటీ చూచి కల్వములో నూరి, గ్లాసుతో కొలిచి, సీసాలో మిక్స్చరు పోసి, కాగితపు పట్టీ నొకదానిని మడిచి, కత్తెరతో అంచులు గంట్లుగా కత్తిరించి, పట్టీ విప్పి, జిగురు పూసి, సీసా ప్రక్కకు అంటించెడివాడు. ఒక్కొక్క గంటు ఒక్కొక్క మోతాదు. అక్షరము రాని ముసలమ్మ సైతము సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి, ఉదయము ఒక గంటు, సాయంత్రము ఒక గంటు తాగవలెనని తెలిసికొనెడిది. నా యెరుకలో రోగికి చదువుకొన వీలైన మందుచీటీ అదియే. తరువాత నేను చూచిన అచ్చు లేబుళ్లలో ఏదియు దానికి సాటిరాలేదు.

1948 చట్టము వచ్చినపుడు మొదటి రిజిస్టరులో పేరు వ్రాయించుకొనుటకు పట్టా యొక్కటే దారి కాలేదు. ఆసుపత్రిలోనో డిస్పెన్సరీలోనో అయిదేండ్లకు తక్కువ కాకుండ మందులు కలిపి యిచ్చినవానికి 31వ సెక్షను చోటిచ్చినది. మా మేనమామ ఆ దారినే రిజిస్టరులోనికి పోయెను. చేసిన పనియే చదువునకు సాటి యగునని ఒకనాడు శాసనకర్తలే ఒప్పుకొనిరి. నేను మరల కాంపౌండర్ల కాలమునకు పొండని చెప్పుట లేదు. అర్హతను నిర్ణయించువారు పనిని చూచి నిర్ణయింపవలెనని చెప్పుచున్నాను. నేటి డి.ఫార్మసీ నిబంధనలలో సైతము అయిదువందల గంటల శిక్షణ, అందులో ఇన్నూటయేబది గంటలు చీటీలకు మందులిచ్చు పని, అని గంటలు లెక్కగట్టి వ్రాసియున్నారు. అట్లే గంటలు లెక్కగట్టి, మందుల సంచి విప్పు పనిని వ్రాయుడని నా ప్రార్థన.

సంచి మాట ఎందుకని అడుగుదురు. కొన్నేండ్ల క్రిందట నల్లమల యంచు పల్లెనుండి ఒక రిటైర్డు హవల్దారు భార్యతో కూడ ఆ వరండాకు వచ్చెను. డెబ్బదియేండ్లు పైబడినను వెన్ను నిటారుగా నుండెను. "సంచి ఇయ్యి పెద్దాయనా" అంటిని. గుడ్డసంచి బల్లపై బోర్లించెను. పాలీక్లినిక్కులో ఇచ్చిన మాత్రలు, అక్కడ లేవని చీటీపై ముద్ర వేయగా బయటి షాపులో తీసికొన్నవి, పట్టణములో చేరిన ఆసుపత్రివారు పంపిన రోజున వ్రాసియిచ్చినవి, ఊరి ఆర్.ఎం.పి. యిచ్చిన పొట్లము, ఎక్స్‌పైరీ దాటిన దగ్గుమందు, అడుగున ఒక జండూబామ్ డబ్బా. మాత్రలు వరుసగా పేర్చితిని. గ్లిమిపిరైడు రెండు చోట్ల నుండెను. ఒకటి మందు పేరుతో, ఒకటి కంపెనీ పేరుతో. రెండును వేసికొనుచున్నాడు.

"రెండూ ఒగటేనా సామీ? రంగు వేరు గదా, మందు వేరే అనుకొంటి" అనెను.

భార్య అప్పుడు నోరు విప్పినది. అంతకు పదిరోజుల ముందు బుడ్డల చేనిలో మిట్టమధ్యాహ్నము పడిపోయినాడట, ఒళ్లంతా చెమట, అందరును వడదెబ్బ యనిరట, ఆమె బెల్లపు నీళ్లు పోయగా లేచినాడట. ఆ బెల్లపు నీళ్లే ఆతని బ్రతికించినవి. చక్కెర పడిపోయినదని ఊరిలో నెవరికిని తోచలేదు. తరువాత చూచిన మూడు చోట్లను ఎవరును సంచి అడుగలేదు. ఆ మూడు చోట్లలోని ఫార్మసిస్టులకును రిజిస్ట్రేషను ఉన్నది. అనుభవము మూడేండ్లకు మించియే యున్నది.

మన సీమ ఎండను ఎరుగనివాడు మన సీమ మాజీ సైనికునికి క్లినికల్ ఫార్మసిస్టు కాజాలడని నా దృఢవిశ్వాసము. ఇది అతిశయోక్తి యని ఒక మిత్రుడు లోగడ వ్రాసెను. శాస్త్రమునకు జిల్లాలు లేవని ఆయన వాదము. ఆయన నొక వైశాఖమాసమున కోవెలకుంట్ల బాటలలో నడువుమని ఆహ్వానించుచున్నాను. బరువు మోసి కొండలెక్కిన మోకాళ్లు ముదిమిలో నొచ్చును. పైగా ఫ్లోరైడు నీళ్లు. 1937లో మన దేశమున ఫ్లోరోసిస్ మొదట గుర్తింపబడినది మన తూర్పుసరిహద్దున నున్న తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన మెట్టపల్లెలలోనే. మోకాళ్లకు డైక్లోఫెనాక్ కావలసివచ్చును. అది ప్రతి కిరాణా అంగడిలోను దొరకును. రక్తపోటుకు టెల్మిసార్టాను, దానితో కలిపి మూత్రము జారీచేయు హైడ్రోక్లోరోథయజైడు ఉండనే యున్నవి. ఒకటి మూత్రపిండములోనికి వచ్చు నెత్తురుదారిని బిగించును. ఒకటి వెలుపలికి పోవు దారిని వదులుచేయును. మూడవది ఒంటిలోని నీటినే తగ్గించును. ఆ పైన నలువది డిగ్రీల యెండలో చేనిగట్టున పగలెల్ల నిలిచినవాని చెమట. ఈ నాలుగును కలిసినచోట క్రియాటినిను పెరుగకేమి చేయును? పెరిగిన పిమ్మట అతడు అలవాటుగా మింగు మెట్‌ఫార్మిను మోతాదు ఎవరు తగ్గింపవలెను? డాక్టరుగారి యెదుట అరువదిమంది యున్నారు. మోతాదు మార్చు అధికారము నాకక్కరలేదు. చైత్రమాసము రాగానే ఈ మూడు మందులును ఒక్క సంచిలో నున్నవారి పేర్లు వరుసగా వ్రాసి డాక్టరుగారి బల్లమీద పెట్టువాడు నాకు కావలెను. అట్లు పెట్టగలుగుట అర్హత. దానిని పరీక్షించుట ఏమంత కష్టము? ఇంటర్వ్యూకు వచ్చినవాని యెదుట ఒక సంచి బోర్లించి, అరగంట యిచ్చి, ఏమి చూచితివని అడుగుడు.

ఇవన్నియు కంప్యూటరే చెప్పుననువారున్నారు. కంప్యూటరులో ఎక్కించిన మందునుగూర్చి అది చెప్పును, ఆర్.ఎం.పి. యిచ్చిన పొట్లమును అందులో ఎక్కించినవారెవరు? ఇక మాజీ సైనికులకే ఆ కొలువులు దక్కవలెననువారి మాట. ప్రాధాన్య మియ్యవలసినదే, వారి క్రమశిక్షణ వారిది. కాని సిపాయి యెవరో సుబేదారెవరో గుర్తించుట వేరు, వాని మూత్రపిండము పనిచేయుచున్నదో లేదో గుర్తించుట వేరు.

భాష మాట చెప్పకుండ నేను కూర్చుండజాలను. హవల్దారుకు హిందీ వచ్చును. పాలీక్లినిక్కు అధికారితో ఆ భాషలోనే మాట్లాడుకొనును. ఈ స్కీము ఆతని భార్యకును వర్తించును. ఆమె ముప్పదియేండ్లు పల్లెలోనే యుండి పిల్లలను పెంచినది. ఆమెకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. ఆమె థైరాయిడు మాత్ర పరగడుపున వేసికొనవలెననియు, కాల్షియము మాత్రతో కలిపి మింగరాదనియు ఆమెకు కడపమాటలో చెప్పగలిగినవాడే ఆమెకు ఫార్మసిస్టు. "పొద్దున్నే, కాఫీ తాగకముందే, ఉత్త నీళ్లతో" అని చెప్పుటకు ఏ ప్రకటనలోను అర్హత కోరలేదు. మందులవలన కలుగు చెరుపును రోగియే స్వయముగా తెలుపుకొను ఫారము ప్రభుత్వమువారు తెలుగులోను అచ్చువేసిరి. 1800-180-3024 అను ఉచిత ఫోను నంబరు కూడ నున్నది. ఈ సభలో నున్నవారిలో ఆ ఫారమును ఒక్కరోగిచేతనైనను నింపించినవారు చేతు లెత్తుడని అడుగగోరితిని, అడుగుట మానుకొంటిని.

మన ఫార్మ్.డి. కాలేజీలలో ఏండ్ల తరబడి ఇంటర్ను పిల్లలు వార్డులలో వ్రాసిన కేసు నివేదికలు బీరువాలలో నిండియున్నవి. మార్కులు వేసిన పిమ్మట వాటిని మరల తెరచినవారు లేరు. రాయలసీమ ఒంటిపై మందులు ఎట్లు నడచుచున్నవో చెప్పు గ్రంథము ఇంకను వ్రాయబడలేదు గాని, దాని కాగితములన్నియు వ్రాయబడియే యున్నవి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి సలహా చెప్పుట ఫార్మసిస్టు విధియని వ్రాసినవి. ఆ విధిని మన జిల్లాలకు తగినట్లు నింపుటకు ఆ బీరువాలే ఆధారము. ప్రిన్సిపాళ్లారా, తాళములు తీయించుడు. కడపవారు కడప పాలీక్లినిక్కునకును, కర్నూలు నంద్యాలలవారు కర్నూలు పాలీక్లినిక్కునకును, అధికారుల అనుమతి గైకొని, వారమున కొకదినము ఇద్దరిద్దరు ఇంటర్నులను పంపుడు. వారు మందులియ్యనక్కరలేదు, సంచులు విప్పి వ్రాసికొని డాక్టరుగారికి చూపిన చాలును. ప్రకటన మారువరకు పని ఆగనక్కరలేదు.

నా శనివారపు నోటుపుస్తకములు పదునాలుగింటిని మంటపము వాకిట బల్లపై నుంచితిని. రోగుల పేర్లు కొట్టివేసితిని. వయస్సు, మందులు, తిథి, నాటి యెండ మాత్రము మిగిల్చితిని. కావలసినవారు నకలు వ్రాసికొని, సాయంకాలము సభ ముగియులోపల మరల అక్కడనే యుంచుడు. వచ్చే శనివారము నాకు వాటితో పనియున్నది.