ఒక్క రేకు మీద అన్ని రంగులు

మిత్రులారా, ఇంజనీరు గదా, ఏ కాంక్రీటు గురించో చెబుతాడని అనుకుంటున్నారేమో. ఒక బొమ్మ గురించి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం న్యూయార్క్‌లో కృష్ణారెడ్డి గారి 'వర్ల్‌పూల్' అనే ప్రింటు చూశాను. 1963 నాటిది. సుడిగుండం. అందులో మనిషి లేడు, పడవ లేదు. వలలా అల్లుకున్న గీతలు సుడి తిరుగుతూ ముక్కలవుతుంటాయి. మన లాకుల తలుపులెత్తినప్పుడు తిరిగే నీళ్లు గుర్తొచ్చాయి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టినాయన. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ గారి అటెలియే 17లో పనిచేశారు. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం సేకరణలో ఆయన ప్రింట్లున్నాయి. తెనాలిని ఆంధ్రా పారిస్ అని గొప్పగా చెప్పుకుంటాం. అసలు పారిస్‌లో పేరు తెచ్చుకున్న తెలుగువాడి సంగతి నాకు యాభై దగ్గరపడ్డాక గానీ తెలియలేదు!

రంగుల ప్రింటంటే మామూలుగా రంగుకో రేకు కావాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడుతుంది. కృష్ణారెడ్డి గారు, కైకో మోతీ గారు కలిసి రంగులన్నీ ఒకే రేకు మీద ఎక్కించే దారి కనిపెట్టారు. రేకును మెట్లుమెట్లుగా చెక్కుతారు. సిరాల్లో అవిసె నూనె పాళ్లు మారుస్తారు. పల్చటి సిరా గట్టి రోలరుతో పైమెట్టుకు, చిక్కటి సిరా మెత్తటి రోలరుతో లోతుకు. నూనె ఎక్కువున్న చోట చిక్కటి సిరా అంటుకోదు, తన చోటు తాను వెతుక్కుంటుంది. ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు. విస్కాసిటీ అని మేం పరీక్షకు బట్టీ పట్టింది ఇదే.

ఎనిమిదో తరగతిలో డ్రాయింగు మాస్టారు మమ్మల్ని బాపట్ల తీసుకెళ్లి, సూర్యలంక ఒడ్డున కూర్చోబెట్టి అల గీయమన్నారు. నేను పడవ, సూర్యుడు, కొబ్బరిచెట్టు వేశాను. "అల ఏదిరా?" అన్నారు. పదో తరగతిలో ఆయన పీరియడు లెక్కలకు ఇప్పించమని సంతకాలు పెట్టించింది క్లాసు లీడర్నైన నేనే. మాస్టారు ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే రేపల్లె పాసింజరు ఎక్కి వెళ్లిపోయారు. ఇప్పుడాయన లేరు.

జూబిలీ నిధి కంప్యూటర్లకే వాడుకోండి, నాకభ్యంతరం లేదు. చిన్న చేతి ప్రెస్సొకటి, నాలుగు రోలర్లు నేను చేయించి ఇస్తాను. వారానికొక పీరియడు మాత్రం హెడ్మాస్టరు గారు ఇవ్వాలి. లెక్కల మాస్టారు అడిగినా, క్లాసు లీడరు సంతకాలు తెచ్చినా, దాన్ని మళ్లీ తీసుకోకూడదు.