కెన్యాలో కాన్పుల లెక్క

1970ల చివర్లో కెన్యాలో ఒక్కో తల్లికి సగటున ఎనిమిది మంది పిల్లలు. ప్రభుత్వం 1967లోనే కుటుంబ నియంత్రణ చేపట్టినా, ఫలితం కనిపించేసరికి ఇరవై ఏళ్లు గడిచాయి. ఆడపిల్లలు బడికెళ్లారు, పసిబిడ్డల మరణాలు తగ్గాయి, గర్భనిరోధక ఇంజెక్షన్లు పల్లెలకు చేరాయి. 1998కి సగటు 4.7కి దిగింది. తర్వాత తగ్గుదల నిలిచిపోయింది, 2003లో 4.9. నిధులూ అధికారుల దృష్టీ ఎయిడ్స్ వైపు మళ్లడం అందుకు ఒక కారణం. ఆ తగ్గుదల మళ్లీ పుంజుకొని, 2022 సర్వే నాటికి సగటు 3.4కి వచ్చింది.

ఇది పెద్ద విజయమే. కానీ ఈ సగటు చూసి తృప్తిపడలేం. నైరోబీలో 2.5 ఉంటే, సోమాలియా సరిహద్దున ఉన్న మందెరాలో 7.7. చదువూ వైద్యమూ అందని తల్లులు అక్కడే ఎక్కువ. కెన్యా ప్రభుత్వం ముందుగా ఖర్చు పెట్టవలసింది ఆ ప్రాంతపు బడుల మీద, ఆసుపత్రుల మీద.