వైజాగ్, అరకు సమ్మర్ ట్రిప్: ఆ రీల్ ఏ నెలలో తీశారు?

ఈ ఎపిసోడ్ సమ్మర్ ట్రిప్ గురించి. ఆంధ్రప్రదేశ్ మొత్తం తిప్పనులెండి. వైజాగ్, అక్కణ్నుంచి అరకు, చివర్లో కాస్త పాపికొండలు. వేసవి సెలవుల్లో ఎక్కువ మంది అడిగేది ఈ రూటే, కొత్తగా వచ్చినవి కూడా ఇటువైపు చాలానే ఉన్నాయి.

ముందు ఒక పని చేయండి. మీరు సేవ్ చేసుకున్న అరకు రీల్స్ ఒకసారి తెరవండి. పచ్చటి కొండల మధ్య పసుపు పూల పొలం కనిపిస్తోందా? అవి వలిసె పూలు. అక్టోబర్, నవంబర్‌లో పూస్తాయి. మే నెలలో వెళ్తే ఆ పొలంలో మట్టి తప్ప ఏమీ ఉండదు. ఇంకో రీల్‌లో కొండ మీద నిలబడితే కింద మేఘాలు పాలసముద్రంలా పరుచుకుని ఉంటాయి కదా? అది పాడేరు దగ్గర వంజంగి. అది చలికాలం తెల్లవారుజాము. లంబసింగి మంచు కూడా అంతే, డిసెంబర్, జనవరి మాట. వేసవిలో రాత్రి వాన పడితే పొద్దున్నే కాస్త మబ్బు దొరకొచ్చు. ఆ కాస్త ఆశ మీద పదిమందిని కారెక్కించి, అర్ధరాత్రి నిద్ర లేపి కొండెక్కిస్తే మాత్రం, దిగేటప్పుడు మీతో ఎవరూ మాట్లాడరు.

రీల్ పెట్టినవాళ్లు అబద్ధం చెప్పలేదండి. నెల చెప్పలేదు, అంతే. మీరు ఏప్రిల్‌లో 'అరకు' అని వెతికితే ఫోన్ మీకు నవంబర్ అరకునే చూపిస్తుంది, ఎందుకంటే లైకులు దానికే ఎక్కువ. అందుకే రూమ్ బుక్ చేసే ముందు ఆ వీడియో ఎప్పుడు పెట్టారో కింద తేదీ చూడండి. అర నిమిషం పని. జలపాతాలకైతే ఇది మరీ ముఖ్యం. బొర్రా దగ్గరి కటికి కావచ్చు, తిరుపతి వైపు తలకోన కావచ్చు, వానాకాలం వీడియోలో ఉన్న నీళ్లు మేలో ఉండవు.

మరి వేసవిలో అరకు వెళ్లడం దండగా? కాదు. వెళ్లాల్సింది వేరేవాటి కోసం. నన్నడిగితే మొదటిది రైలు. వైజాగ్‌లో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. ఈ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. దారిలో 58 సొరంగాలు. చీకట్లోకి వెళ్లడం, బయటకు రాగానే ఒక లోయ, మళ్లీ చీకటి. పిల్లలు ప్రతి సొరంగంలోనూ అరుస్తారు, పెద్దవాళ్లు కూడా రెండు మూడు సొరంగాల తర్వాత మొదలుపెడతారు.

అద్దాల బోగీ, అదే విస్టాడోమ్, 2017 ఏప్రిల్‌లో వచ్చింది. సెలవుల్లో దాని టికెట్లు తొందరగా అయిపోతాయి. రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. దొరక్కపోతే బాధపడకండి. నా ఓటు మామూలు బోగీ కిటికీ సీటుకే. అద్దాల బోగీలో చూడటం బాగుంటుంది గానీ కిటికీ తెరుచుకోదు. మామూలు బోగీలో రైలు ఘాట్ ఎక్కేకొద్దీ గాలి మారడం మొహానికి తెలుస్తుంది. వైజాగ్‌లో చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క ఉంటుందా, కొండెక్కాక అది మెల్లగా వదిలేస్తుంది. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి కాఫీ తోటలు ఆ దారిలోనే వస్తాయి.

కాఫీ తోట అంటే చాలామంది కాఫీ తాగే షాపు అనుకుని ఆగుతారు. దిగి కాసేపు నీడలో నిలబడండి. పైన ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్‌లో రెండు వానలు పడితే కాఫీ పూస్తుంది. తెల్లటి పూలు, మల్లెపూలను గుర్తుచేసే వాసన. ఇది నవంబర్ రీల్స్‌లో ఉండదు, ఎందుకంటే నవంబర్‌లో పూలుండవు, పండ్లు కోస్తుంటారు. అంటే వేసవికి కూడా తనదైన అరకు ఉందన్నమాట. ఈ అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోట ఎవరిదో ఒకరి జీవనాధారం. కొమ్మలు విరిచి ఫొటోలు దిగకండి, ప్లీజ్.

మధ్యాహ్నం మాత్రం అరకులోనూ ఎండే, అందులో మొహమాటం లేదు. ఆ టైమ్‌కు బొర్రా గుహలు పెట్టుకోండి. సున్నపురాయిని నీళ్లు కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ తొలిచిన గుహలు. లోపల ఎండ ఉండదు గానీ మెట్లు చాలానే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు ఆ సంగతి ముందే చెప్పండి. బయట కోతులుంటాయి. చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే అది మీది కాదు.

ఇక వైజాగ్. ఈ వేసవికి కొత్తది కైలాసగిరి మీద గాజు వంతెన, 2025 డిసెంబర్‌లో తెరిచారు. ఒక చివర మాత్రమే కొండకు బిగించి ఉంటుంది, రెండో చివర గాల్లోకి చాచి ఉంటుంది. గాజు పగిలితే ఎలా అని అందరూ అడుగుతారు. అది ఒక్క పలక కాదు, పొరలు పొరలుగా అతికించిన గాజు. ఒక పొర బీటలిచ్చినా మిగతావి బరువు మోయాలన్నది ఆ పద్ధతి ఉద్దేశం. మిట్టమధ్యాహ్నం వద్దు. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రమైతే క్యూ ఎక్కువ. బీచ్ రోడ్డులో డబుల్ డెక్కర్ బస్సులు కూడా 2025లోనే వచ్చాయి, పై అంతస్తు సాయంత్రం గాలికి బావుంటుంది.

కొత్తది అనగానే పరుగెత్తాలా అంటే, నేనైతే ఆగి చూస్తాను. ఆర్కే బీచ్‌లో 2024 ఫిబ్రవరిలో నీళ్ల మీద తేలే వంతెన ప్రారంభించారు, గుర్తుందా? మర్నాడే దాని చివరి భాగం విడిపోయి సముద్రంలోకి జరిగింది. అదృష్టం, అప్పుడు దాని మీద సందర్శకులెవరూ లేరు. పాతదాని సుఖం పాతదానిదే. అదే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధం చూసింది, 2002 నుంచి మ్యూజియం. లోపల నడుస్తుంటే అంత ఇరుకులో మనుషులు నెలలు ఎలా గడిపారా అనిపిస్తుంది. రోడ్డు అవతల టీయూ-142 విమానం.

ఇప్పుడు ఫోన్ కాస్త దగ్గర పెట్టుకుని వినండి. ఈ ఎపిసోడ్ చేసింది అసలు దీని కోసమే.

సముద్రం. ప్రతి వేసవిలో మన బీచ్‌లలో మునిగిపోయిన వార్తలు చూస్తూనే ఉంటాం. ఎక్కువగా స్నేహితులతో వచ్చిన కుర్రాళ్లు, ఇంజనీరింగ్ స్టూడెంట్లు, పరీక్షలు అయిపోయాయని వచ్చినవాళ్లు. 'మోకాళ్ల లోతులోనే ఉన్నాడండీ' అంటారు. నిజమే అయ్యుండొచ్చు. అక్కడ జరిగేది రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లన్నీ తిరిగి వెళ్లాలి కదా, ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా లోపలికి వెళ్తాయి. చెరువులో పెరిగిన ఈత దీని ముందు సరిపోదు.

మోసం ఎక్కడంటే, ఆ దారి చూడ్డానికి చాలా మంచిగా ఉంటుంది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. 'ఇక్కడ అలలు లేవురా, ఇక్కడ దిగుదాం' అని సరిగ్గా అక్కడే దిగుతారు.

లాగేస్తే ఏం చేయాలి? ఒడ్డుకేసి ఎదురీదకండి. అలసిపోవడం వల్లే ప్రాణాలు పోతాయి. ఆ ప్రవాహం మనిషిని కిందకు లాగదు, లోపలికి మోసుకెళ్తుంది. కాబట్టి వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ సన్నటి దారి దాటాక అప్పుడు ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకండి. ఒకణ్ని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవడం మనకు కొత్త కాదు. తేలే వస్తువు ఏదైనా విసరండి, ఖాళీ నీళ్ల క్యాన్ అయినా సరే. లైఫ్‌గార్డ్‌ను పిలవండి, 112కు ఫోన్ చేయండి.

స్నానం చేయాలనే ఉంటే ఋషికొండలో, లైఫ్‌గార్డ్‌లు ఉండి, దిగడానికి హద్దులు పెట్టిన చోటే దిగండి. ఆ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఎవరూ లేని బీచ్ రీల్‌కు బాగుంటుంది. ఎవరూ లేరంటే కాపాడేవాళ్లు కూడా లేరని. పెద్ద అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు వాతావరణంతో పాటు ఆ హెచ్చరిక కూడా చూసి బయల్దేరండి. మందు తాగాక నీళ్లలో దిగే ఫ్రెండ్ ఉంటే, కాళ్లు పట్టుకునైనా ఆపండి. తిట్టుకుంటాడు, తిట్టుకోనివ్వండి.

పాపికొండలకు వేసవి మంచి కాలమే, వరదల్లో బోట్లు ఆపేస్తారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది గోదావరి వరదలో ఉన్నప్పుడే. నలభై మందికి పైగా పోయారు. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉంటుంది, ఫొటోలో బాగోదు, నిజమే. బకిల్స్ అన్నీ పెట్టుకుని దిగేవరకూ ఉంచుకోండి. సరిపడా జాకెట్లు లేని బోటు ఎక్కకండి, డబ్బులు కట్టేసినా సరే.

వైజాగ్‌లో మీకు ఒక్క రోజే ఉందనుకోండి. పొద్దున్నే కైలాసగిరి, ఎండెక్కేలోపు కిందకు వచ్చి టిఫిన్, మధ్యాహ్నం రూమ్‌లో నిద్ర, నాలుగు దాటాక కురుసుర, తర్వాత ఇసుక మీద మొక్కజొన్న పొత్తు. మ్యూజియానికి సోమవారం సెలవు, అది చూసుకుని టికెట్లు వేసుకోండి. మీ ఊరి దగ్గర వేసవిలో మాత్రమే బాగుండే చోటు ఏదైనా ఉంటే కింద రాయండి, నెల కూడా రాయండి. ఉంటానండి.