కోతకు ముందు చూపు, కోత తరువాత మాట
(ఆలయ మండపంలో చేసిన ప్రసంగపాఠం)



పురాణం చెప్పవలసిన పీఠం మీద కూర్చుని నేడు పిత్తాశయాన్ని గురించి మాట్లాడుతున్నందుకు మన్నించండి. శరీరం నిలిస్తేనే వ్రతమైనా, యాత్రయైనా. నేను మౌనంగా ఉండి చేసిన తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

నా నివాసం అశోక్‌నగర్. సాయంకాలం నగర కేంద్ర గ్రంథాలయం దాకా నడిచి, చిక్కడపల్లిలో స్వామిని దర్శించి ఇల్లు చేరడం నా నిత్యకృత్యం. ఒకనాడు నారాయణగూడలో మిత్రుని ఇంట విందు ఆరగించి వచ్చిన రాత్రి, కుడి డొక్కలో భరింపరాని నొప్పి పుట్టింది. పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. చిన్న రంధ్రాల గుండా చేసే లాపరోస్కోపీ శస్త్రచికిత్సతో దానిని తొలగించారు. మరునాడే ఇంటికి పంపారు.

మూడవనాడు పొట్ట ఉబ్బింది, జ్వరం తగిలింది. కార్తిక పురాణ ప్రవచనం దగ్గరపడుతున్నది. ‘ప్రారబ్ధం, అనుభవించవలసిందే’ అనుకుని ఎవరికీ చెప్పలేదు. కోడలు నా ముఖం చూసి, “మామయ్యగారూ, ఇది గ్యాస్ నొప్పి కాదు, లేవండి” అని ఆసుపత్రికి తీసుకొనిపోయింది. నాళపు మొదట వేసిన క్లిప్పు వదులై, పిత్తరసం కడుపులోకి కారుతున్నదని తేలింది. సన్నని గొట్టంతో ఆ రసాన్ని బయటికి తీశారు. నోటి గుండా ఎండోస్కోపు పంపి పిత్తనాళంలో స్టెంటు అమర్చారు. కొన్ని వారాలకు దానిని తీసివేశారు. ఇంకా ఆలస్యమైతే విషమించేదని వైద్యులు చెప్పినప్పుడు, నా సహనం సహనం కాదు, అజ్ఞానమని తెలిసింది.

కాలేయం దినానికి అర లీటరు నుండి లీటరు దాకా పిత్తరసాన్ని స్రవిస్తుంది. పిత్తాశయం దానిని దాచే చిన్న సంచి మాత్రమే. సంచిని తీసినా ప్రవాహం ఆగదు. కనుక కోసిన నాళపు మొదలు గట్టిగా మూసుకోవాలి. ప్రధాన నాళానికి గాయం తగులరాదు.

ఈ విధానంలో పిత్తాశయాన్ని మొదట తొలగించినవాడు 1985లో జర్మనీకి చెందిన ఎరిక్ ముయె. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా చేశారు. 1995లో అమెరికా వైద్యుడు స్ట్రాస్‌బర్గ్ ఒక నియమాన్ని స్పష్టపరిచాడు. నాళం చుట్టూ ఉన్న కొవ్వును శుభ్రపరచాలి. పిత్తాశయపు అడుగుభాగాన్ని కాలేయం నుండి విడదీయాలి. పిత్తాశయంలోకి పోయేవి ఒక నాళం, ఒక ధమని, ఈ రెండే అని కంటికి కనబడాలి. అంతవరకూ దేనినీ కోయరాదు.

ఇది చదివినప్పుడు నాకు సుశ్రుతుడు గుర్తుకు వచ్చాడు. ఆయన అశ్మరి చికిత్స మూత్రాశయపు రాళ్ళకు చెప్పినది, పిత్తాశయానికి కాదు. అయినా అక్కడ కోతలో తప్పించవలసిన ఎనిమిది స్థానాలను పేరుపేరునా లెక్కించాడు. శిష్యులు ముందుగా గుమ్మడి, సొర వంటి కాయల మీద అభ్యసించాలన్నాడు. గుర్తించిన తరువాతనే కోయాలన్నది నాటికీ నేటికీ ఒకటే.

వాపు వలన నాళం స్పష్టంగా కనబడకపోతే, వైద్యుడు పిత్తాశయంలో కొంత భాగాన్ని వదలివేయవచ్చు, లేదా పొట్ట తెరచి చేయవచ్చు. అది ఓటమి కాదు, వివేకం. ‘చిన్న రంధ్రాలతోనే చేయాలి’ అని మనం పట్టుబట్టరాదు. నాళం వెడల్పుగా ఉంటే క్లిప్పు చాలదు, దారంతో ముడివేయాలి. ముగించే ముందు కాలేయపు తలం మీద పిత్తరసం ఊరుతున్నదా అని పరికించాలి. ఇవి వైద్యుని ధర్మాలు.

మన ధర్మాలూ ఉన్నవి. మునుపు వచ్చిన కామెర్లు, జ్వరాలు, వాడే మందులు దాచకుండా చెప్పాలి. ప్రధాన నాళంలో రాయి ఉంటే ఒత్తిడి పెరిగి మూసినచోట కారవచ్చు. కనుక వైద్యులు ముందుగా చెప్పిన రక్తపరీక్షలు, స్కానింగులు మానరాదు. నొప్పి పదే పదే వస్తున్నా ఏళ్ళ తరబడి వాయిదా వేస్తే, లోపల వాపు ముదిరి శస్త్రచికిత్స కష్టమవుతుంది.

ఇంటికి వచ్చాక నొప్పి తగ్గవలసింది పోయి పెరిగినా, పొట్ట ఉబ్బినా, జ్వరం, వాంతులు వచ్చినా, కళ్ళు పచ్చబడినా, గాయం నుండి పసుపుపచ్చని ద్రవం వచ్చినా ఆ పూటే వైద్యుని చేరండి. ఎండోస్కోపీ చికిత్సలో మన హైదరాబాదు ప్రసిద్ధి పొందినది. ఆ విద్యలో పేరెన్నికగన్న డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారిని 2025లో పద్మవిభూషణ్ వరించింది. సకాలంలో చేరితే చాలావరకు మళ్ళీ కోత లేకుండానే నయమవుతుంది.

యాత్రికులకు ఒక మనవి. శస్త్రచికిత్స అయిన వారంలోనే మొక్కు తీర్చాలని తిరుమల మెట్లెక్కకండి. వైద్యుడు సరేనన్నాక బయలుదేరండి. స్వామి ఎక్కడికీ పోడు.

నొప్పిని దేవునికి నివేదించండి. దానితోపాటు ఇంటివారికీ, వైద్యునికీ చెప్పండి. ఆనాడు నా కోడలి నోట పలికినది ఆ స్వామియే అని నా నమ్మకం.

స్వస్తి.