యూనివర్సిటీ వెబ్‌సైట్‌కి యజమాని ఎవరు?

ఏలూరు నుంచి మాట్లాడుతున్నాను. "యూనివర్సిటీ వెబ్‌సైట్ నిర్వహణ" అనే టాపిక్ వినగానే వేలు పైకి జరిపేసేవాళ్ళు ఉంటారని తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. మీ సెమిస్టర్ పరీక్ష ఫీజుకి ఆఖరి తేదీ మీకెలా తెలిసింది? వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు, అంతేగా? ఆ ఫొటో ఎవరు తీశారు? ఈ ఏడాదిదేనా? తర్వాత తేదీ ఏమైనా మారిందా? గ్రూపులో ఎవరికీ తెలీదు. కానీ ఆ ఫొటోని నమ్మే మనం ఫీజు కడతాం, హాల్‌టికెట్ కోసం ఎదురుచూస్తాం. తేడా వస్తే పోయేది ఒక సెమిస్టర్.

అసలు మాట చెప్పాల్సింది యూనివర్సిటీ వెబ్‌సైట్. అది సరిగ్గా చెప్పకపోతే ఆ ఖాళీలోకి ఫార్వర్డులు వచ్చి కూర్చుంటాయి. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు మన చుట్టూ చూద్దాం. తాడేపల్లిగూడెంలో నిట్ ఆంధ్రప్రదేశ్ 2015లో మొదలైంది. వరంగల్ నిట్ మార్గదర్శకత్వంలో, మొదట్లో శ్రీ వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో క్లాసులు నడిపి, తర్వాత సొంత క్యాంపస్‌కి వెళ్ళింది. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. 2007లో ఆంధ్రప్రదేశ్ హార్టికల్చరల్ యూనివర్సిటీగా పుట్టి, తర్వాత డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టుకుంది. డిగ్రీ కాలేజీల సంగతి చూస్తే, ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945 నాటిది, ఆంధ్రా యూనివర్సిటీ నీడలో పెరిగింది. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక గోదావరి జిల్లాల కాలేజీలు దాని కిందికి వెళ్ళాయి. ఇంజనీరింగ్ వాళ్ళకి కాకినాడ జేఎన్‌టీయూ. కొల్లేరుకి అవతల కైకలూరు వైపు అప్పట్లో కృష్ణా జిల్లా కాబట్టి, అక్కడి డిగ్రీ పిల్లలకి మచిలీపట్నంలోని కృష్ణా యూనివర్సిటీ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది కానీ జిల్లా కేంద్రం భీమవరం అయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పేరు మారినా, జిల్లా మారినా, అఫిలియేషన్ మారినా, క్యాంపస్ మారినా వెబ్‌సైట్‌లో ఎన్నో పేజీలు మారాలి. అడ్రసు, ఫారాలు, లోగో, బ్యాంకు చలానా, మ్యాప్, ఫోన్ నంబర్లు. ఎవరు మార్చాలి? "కంప్యూటర్ సెంటర్ వాళ్ళు" అంటారు. ఏది మారిందో కంప్యూటర్ సెంటర్‌కి ఎవరు చెప్పాలి? ఇక్కడే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

రెండు పనుల్ని వేరుగా చూడాలి. సర్వర్ నడుస్తోందా, బ్యాకప్ ఉందా, ఫైలు ఎక్కిందా, ఇది నిర్వహణ. ఏది ఎక్కాలి, ఎవరు ఒప్పుకోవాలి, తప్పు పడితే ఎవరు జవాబు చెప్పాలి, ఇది అజమాయిషీ. డబ్బులిస్తే నిర్వహణని బయటి కంపెనీకి అప్పగించొచ్చు. అజమాయిషీని అప్పగించడం కుదరదు. పరీక్ష తేదీ తప్పుపడితే సంతకం పెట్టాల్సింది కాంట్రాక్టరు కాదు, ఎగ్జామ్స్ కంట్రోలర్.

మన కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి చెరువులో పడతాయి. సముద్రానికి వెళ్ళే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. మధ్యలో ఎవరికి వాళ్ళు చేపల చెరువుల గట్లు వేసుకుంటూ పోతే నీళ్ళు ఊళ్ళ మీద పడ్డాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లు కొట్టించాల్సి వచ్చింది. యూనివర్సిటీలో కూడా అంతే. ఎగ్జామ్ సెక్షన్, అడ్మిషన్లు, హాస్టల్, లైబ్రరీ, డిపార్ట్‌మెంట్లు, అన్ని వైపుల నుంచీ సమాచారం వస్తుంది. బయటికి పోవడానికి నమ్మదగ్గ దారి ఒకటే ఉండాలి. కానీ ఒక డిపార్ట్‌మెంట్‌కి సొంత సైట్, ఇంకో సెక్షన్‌కి టెలిగ్రామ్ ఛానల్, మరొకరిది గూగుల్ డ్రైవ్ లింక్. ఎవరి గట్టు వాళ్ళది. మునిగేది స్టూడెంట్.

సరే, బాగా నడపాలంటే ఏం చేయాలి? నేను చూసేవి ఆరు.

ఒకటి, ప్రతి పేజీకీ ఒక బాధ్యుడు. మనిషి పేరు కాదండీ, హోదా. మనుషులు బదిలీ అవుతారు, రిటైర్ అవుతారు. పేజీ అడుగున "బాధ్యత: డీన్, అడ్మిషన్లు. చివరిగా సరిచూసిన తేదీ" అని రెండు లైన్లు ఉంటే చాలు. ఆరు నెలలుగా ఎవరూ చూడని పేజీల జాబితా రిజిస్ట్రార్ టేబుల్ మీదికి వెళ్ళాలి. అప్పుడే ఎవరైనా కదులుతారు.

రెండు, నోటీసుకి పద్ధతి. నంబరు, తేదీ, ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటిదాకా చెల్లుతుంది. తేదీ పొడిగిస్తే పాత నోటీసుని గుట్టుగా తీసేసి కొత్తది పెట్టకూడదు. పాతదాని మీదే "దీన్ని ఫలానా తేదీన మార్చాం, కొత్తది ఇక్కడ" అని రాయాలి. ఎందుకంటే పాత ఫైలు అప్పటికే వెయ్యి ఫోన్లలో ఉంటుంది. దాన్ని సరిచూసుకోవడానికి సైట్‌కి వచ్చినవాడికి జవాబు దొరకాలి.

మూడు, స్కాన్ చేసిన బొమ్మ పెట్టకూడదు. సంతకం కోసం ప్రింట్ తీసి, వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్ పెడతారు. అందులో అక్షరాలుండవు, అక్షరాల ఫొటో ఉంటుంది. సెర్చ్‌లో దొరకదు. కళ్ళు కనపడని స్టూడెంట్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు. తెలుగులో ఇంకో చిక్కుంది. అను ఫాంట్లలో టైప్ చేసింది తెలుగులా కనిపిస్తుంది కానీ, లోపల యూనికోడ్ కాదు. కాపీ చేసి చూడండి, పిచ్చి గుర్తులొస్తాయి. సంతకం ఉన్న కాపీ పక్కన పెట్టుకోండి, పర్వాలేదు. అసలు విషయం మాత్రం యూనికోడ్ అక్షరాల్లో పేజీ మీదే ఉండాలి.

నాలుగు, చిన్న ఫోన్‌కి, సన్నటి సిగ్నల్‌కి పనిచేయాలి. లంక గ్రామంలో గట్టు మీద కూర్చుని రిజల్ట్స్ చూసే అమ్మాయికి హోమ్ పేజీలో కదిలే పెద్ద పెద్ద ఫొటోలు ఎందుకు? 2010లో ర్యాండల్ మన్రో అనే కార్టూనిస్ట్ ఎక్స్‌కేసీడీలో యూనివర్సిటీ వెబ్‌సైట్ల మీద ఒక బొమ్మ వేశాడు. రెండు వృత్తాలు. ఒకదాంట్లో హోమ్ పేజీలో ఉండేవి: క్యాంపస్ ఫొటోలు, ప్రెస్ నోట్లు, అధ్యక్షుడి సందేశం. రెండోదాంట్లో జనం వెతికేవి: క్యాలెండర్, అప్లికేషన్లు, ఫోన్ నంబర్లు, క్యాంపస్ మ్యాప్. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, యూనివర్సిటీ పూర్తి పేరు! అమెరికా వాళ్ళ గురించి వేసిన బొమ్మే కానీ, మనకీ నప్పుతుంది.

ఐదు, లింకులు చావకూడదు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశాడు, మంచి వెబ్ చిరునామా అంటే మారనిది అని. సైట్ డిజైన్ మార్చిన ప్రతిసారీ పాత సిలబస్, పాత రెగ్యులేషన్ లింకులు పోతే, పదేళ్ళ కిందట చదివి ఇప్పుడు విదేశాలకి అప్లై చేసేవాళ్ళు ఏం చూపిస్తారు? పేరు మారిన యూనివర్సిటీలకి ఇది మరీ ముఖ్యం. పాత డొమైన్ వదిలేస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. మన పేరు మీద రమ్మీ యాప్ ప్రకటనలు నడుస్తాయి. ఏసీ డాట్ ఇన్ చిరునామాలని అందరికీ ఇవ్వరు, విద్యా పరిశోధనా సంస్థలకి ఎర్నెట్ ఇండియా ద్వారానే ఇస్తారు. అందుకే చివర్లో అది ఉందో లేదో చూడమని మీకూ చెప్తున్నాను.

ఆరు, తాళాలు, గుట్టు. అడ్మిన్ పాస్‌వర్డ్, డొమైన్ రెన్యువల్ ఓటీపీ ఒక కాంట్రాక్ట్ ఉద్యోగి సొంత ఫోన్‌కి వస్తుంటే, ఆయన మానేసిన రోజు సైట్ కూడా మానేస్తుంది. తాళాలు సంస్థ పేరు మీద, కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. సైట్ హ్యాక్ అయితే గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఇక సెలెక్షన్ లిస్టులు. పేరు, కులం, ఫోన్ నంబరు, ఆధార్ అన్నీ కలిపి పబ్లిక్‌గా పెట్టేయడం పారదర్శకత కాదండీ. హాల్‌టికెట్ నంబరు, మార్కులు, కేటగిరీ చాలు. ఆడపిల్లల ఫోన్ నంబర్లు నెట్‌లో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్టూడెంట్లే కాదు, రైతులు కూడా వాడతారు. మన ఉద్యాన విశ్వవిద్యాలయానికి నూజివీడులో మామిడి, విజయరాయిలో ఆయిల్‌పామ్, కొవ్వూరులో అరటి, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధనా స్థానాలున్నాయి. ఇలాంటి సంస్థ ఏది రాసినా పొలంలో మందు కొట్టేదాకా వెళ్తుంది. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. అంతకుముందు ఎక్కడో అచ్చయిన తేదీలేని సలహా పత్రం ఇప్పటికీ ఫోన్లలో తిరిగితే? ఏ వ్యవసాయ సలహా మీదైనా తేదీ లేకపోవడమంటే, మందు డబ్బా మీద ఎక్స్‌పైరీ లేకపోవడమే.

"మాకు మనుషులు లేరు, బడ్జెట్ లేదు" అని యూనివర్సిటీల వాళ్ళు అంటారు. అబద్ధం కాదది. ఖాళీ పోస్టులు నిజం, రిజల్ట్స్ రోజు సర్వర్ మీద పడే భారం నిజం. అయితే నేను చెప్పినవాటిలో ఎక్కువ భాగం డబ్బు అడగవు. తేదీ వేయడానికి టెండర్ అక్కర్లేదు. మనుషులు తక్కువైతే పేజీలు తగ్గించుకోవాలి. సరిగ్గా ఉన్న నలభై పేజీలు, గాలికి వదిలేసిన నాలుగు వందల పేజీలకంటే మేలు. తప్పులు వెతకడంలో విద్యార్థుల సాయం తీసుకోవచ్చు, అడ్మిన్ తాళాలు మాత్రం వాళ్ళకివ్వకూడదు.

ఇది మనం దయతలచమని అడగడం కాదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4 ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీ తన వివరాలు ఎవరూ అడక్కముందే బయటపెట్టాలి. యూజీసీ 2023 ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు అడ్మిషన్లు మొదలవడానికి 60 రోజుల ముందే ఫీజులు, సీట్ల వివరాలతో ప్రాస్పెక్టస్ వెబ్‌సైట్‌లో పెట్టమంటున్నాయి. ఫిర్యాదుల కమిటీ, అంబుడ్స్‌పర్సన్ వివరాలు కూడా అక్కడ ఉండాలి.

ఇప్పుడు మీ పని. మీ యూనివర్సిటీ సైట్ తెరిచి ఐదు వెతకండి: ఈ ఏడాది అకడమిక్ క్యాలెండర్, మీ కోర్సు సిలబస్, ఫీజు వివరాలు, ఫిర్యాదుల కమిటీ, ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్. హెల్ప్‌లైన్ నంబరు నేనే చెప్తాను, 1800-180-5522, సేవ్ చేసుకోండి. మిగతావి ఒక్కోటి ఒక నిమిషంలో దొరక్కపోతే రిజిస్ట్రార్ ఆఫీసుకి మెయిల్ రాయండి. తిట్టొద్దు. నాలుగే లైన్లు: ఏ పేజీ, ఏ తేదీన చూశారు, ఏం తప్పుంది, ఏం ఉండాలి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ దరఖాస్తు వేసి ఒక్కటే అడగండి: "ఈ పేజీకి బాధ్యులు ఏ అధికారి?" చట్టప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ప్రశ్నకి జవాబు రాయాలంటే, లోపల ఎవరో ఒకరు కూర్చుని ఆ పేజీని ఒక అధికారికి అప్పగించాలి. మనకి కావాల్సింది అదే.

ఈలోపు గ్రూపులో నోటీసు ఫొటో వస్తే, కింద సైట్ లింక్ అడగండి. లింక్ లేకపోతే ఫార్వర్డ్ చేయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.