కంప్యూటరు కొనుగోలు – బోర్డుకు తగిన మెమొరీ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించినారు. ఉర్దూ మీడియం మాస్టరును గనుక బడిలో రోజూ చెప్పేది అదే. ఈ రోజు మన సంఘం గదిలో ఉన్న కొత్త కంప్యూటరు సంగతి చెప్పదలచుకున్నాను. దాని కొనుగోలులో ఒక పొరపాటు జరిగింది. ఆ పొరపాటు చేసినవాణ్ణి నేనే. మీరిచ్చిన చందా అమానతు సొమ్ము. అమానతుకు లెక్క చెప్పాలె గదా!

మన పాత కంప్యూటరు చాలా ఏండ్లు పని చేసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ మామూలు మద్దతు ఆపివేసింది. విండోస్ 11కు మన పాత ప్రాసెసరు పనికి రాదు. పిల్లల ఈ-పాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఉర్దూ టైపింగు, ఆన్‌లైన్ పాఠాలు – వీటి కోసం కొత్తది కావాలని కార్యవర్గం తీర్మానించింది. తయారుగా ఉన్న డబ్బా కొనే బదులు విడి భాగాలు తెచ్చి బిగించుకుంటే, రేపు ఒక భాగం చెడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చునని నేనే సలహా ఇచ్చినాను. ఆ సలహా తప్పు కాదు. తప్పు నేను కొన్న వరుసలో ఉన్నది.

2025 చివరి నెలల్లో మెమొరీ ధరలు విపరీతంగా పెరిగినవి. సామ్‌సంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్ వంటి కంపెనీలు కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలకు మెమొరీ అమ్మడం వైపు మొగ్గినవి. మనలాంటి వాళ్ళ కంప్యూటర్లకు వచ్చే సరుకు తగ్గింది. ఈ వార్త విని, “రేపు ఇంకా పెరుగుతుందేమో” అని కంగారుపడి, బోర్డు ఏదో నిర్ణయించకముందే నేను 16 జీబీ మెమొరీ ముక్క ఒకటి కొనేసినాను. అది డీడీఆర్5 రకం. తరువాత మన సొమ్ముకు తగ్గట్టు ఎంచుకున్న బోర్డు డీడీఆర్4 రకం!

బిగించే రోజు ఆ ముక్క గాడిలో దిగలేదు. గట్టిగా నొక్కబోయినాను. పక్కన నిలబడ్డ పదో తరగతి పిల్లవాడు, “సార్, గాడి కలుస్తలేదు, నొక్కకండి” అన్నాడు. వాడు ఆపకపోతే బోర్డు కూడా పోయేది. దుకాణదారు, విప్పిన ప్యాకెట్టు వాపసు తీసుకోనన్నాడు. ఆ ముక్క ఖరీదు సంఘం లెక్కలో వ్రాయలేదు, నా జీతంలో పెట్టుకున్నాను. అయితే రెండు నెలల ఆలస్యం ఎవరు పూడుస్తారు? ఆ రెండు నెలలు మన ఆడపిల్లలు దరఖాస్తు కోసం బస్సెక్కి తొర్రూరు పోయి, నెట్ సెంటరులో డబ్బులిచ్చి, లైన్లో నిలబడి వచ్చినారు. నా తొందరపాటుకు జరిమానా వాళ్ళు కట్టినట్టయింది.

కుట్టు మిషను వాడే తల్లులకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. బాబిన్ ఎంత మంచిదైనా, ఎంత చౌకగా వచ్చినా, మన మిషను కేసులో పట్టకపోతే కుట్టు పడదు. మెమొరీ అంతే. డీడీఆర్4కు 288 పిన్నులు, డీడీఆర్5కు కూడా 288 పిన్నులే. చూడడానికి అన్నదమ్ముల్లాగ ఉంటవి. కాని నడుమ ఉండే గాడి చోటు వేరు, కరెంటు తీసుకునే తీరు వేరు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ఒకే బోర్డు మీద రెంటినీ కలిపి వాడడమూ కుదరదు.

కాబట్టి వరుస ఏమిటంటే: మొదట పని, తరువాత ప్రాసెసరు, దానికి తగిన బోర్డు, ఆ బోర్డుకు తగిన మెమొరీ. మెమొరీ చివర.

ప్రాసెసరు కూర్చునే గద్దెను సాకెట్టు అంటారు. ఇంటెల్ వారి 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700 సాకెట్టు. ఈ సాకెట్టు బోర్డులలో కొన్నిటికి డీడీఆర్4, కొన్నిటికి డీడీఆర్5 పడుతుంది. నేను మోసపోయింది ఇక్కడే. కొన్ని కంపెనీలు బోర్డు పేరు చివర ‘డి4’ అని వేస్తవి, ఆ రెండక్షరాలు చూడాలె. 2024లో వచ్చిన ఎల్‌జీఏ 1851కు డీడీఆర్5 మాత్రమే. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్టుకు డీడీఆర్4, 2022లో వచ్చిన ఏఎం5కు డీడీఆర్5. ఇది ఎక్కం లాగ గుర్తు పెట్టుకోవచ్చు.

మన కంప్యూటరులో పెట్టింది కోర్ ఐ3-12100 ప్రాసెసరు, హెచ్610 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ముక్కలు రెండు. హెచ్610లో మెమొరీ గాళ్ళు రెండే ఉంటవి, రెండూ నిండినవి. ఒకే 16 జీబీ ముక్క కంటే సమానమైన 8 జీబీ ముక్కలు రెండు పెడితే ప్రాసెసరుకు రెండు దారుల్లో సమాచారం అందుతుంది, పని చురుకుగా సాగుతుంది. నాలుగు గాళ్ళ బోర్డు అయితే రెండు ముక్కలు సాధారణంగా రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టాలె. ఏదైనా బోర్డుతో వచ్చిన పుస్తకం చూసి పెట్టడం మేలు.

ఇంకా మూడు గోతులున్నవి, పడకుండా చెబుతున్నాను. ఒకటి, ఇంటెల్ ప్రాసెసరు నంబరు చివర ‘ఎఫ్’ అని ఉంటే అందులో తెరకు బొమ్మ పంపే భాగం ఉండదు, వేరే కార్డు కొనాలె. 12100 వేరు, 12100ఎఫ్ వేరు. రెండు, ల్యాప్‌టాప్ మెమొరీ పొట్టిగా ఉంటుంది, డబ్బా బోర్డుకు పట్టదు. సర్వర్ల నుండి తీసిన ‘రిజిస్టర్డ్’ రకం మెమొరీ చౌకగా దొరికినా మామూలు బోర్డు మీద నడవదు. మూడు, బోర్డు ముందు తయారై, ప్రాసెసరు తరువాత వచ్చినదైతే బోర్డులోని బయోస్ అనే లోపలి ప్రోగ్రాము కొత్తది కావాలె. అది చేసి ఇస్తారా అని దుకాణంలోనే అడగాలె. సందేహముంటే బోర్డు కంపెనీ తమ వెబ్‌సైటులో ప్రతి బోర్డుకూ నడిచే ప్రాసెసర్ల, మెమొరీల జాబితా పెడుతుంది. దాన్ని చూడడానికి చేతిలోని ఫోను చాలు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు ఉన్నది. కంప్యూటరు భాగాలకు పేరున్న చోటు. అక్కడివారికి వస్తువు మార్చుకోవడం మెట్లు దిగి ఎక్కే పని. నర్సింహులపేట వాళ్ళకు ఒక రోజు కూలి, రానుపోను చార్జీ. అందుకే మనం పోకముందే కాగితం మీద రాసుకుని పోవాలె.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఇక ముందు ఏ సామాను కొన్నా ప్రాసెసరు నంబరు, బోర్డు పూర్తి పేరు, మెమొరీ రకం ఒకే కాగితం మీద రాసి, ఇద్దరు చూసి సంతకం చేసిన తరువాతనే సొమ్ము ఇవ్వండి. ఆ ఇద్దరిలో ఒకరు మన విద్యార్థి అయితే ఇంకా మంచిది. రసీదు సంఘం పేరున ఉండాలె, సీరియల్ నంబర్లు రిజిస్టరులో ఎక్కించాలె. వారంటీ అడిగే రోజు అవే ఆసరా.

పాత కంప్యూటరును పారేయలేదు. అందులో లైనక్స్ వేసి చిన్న పిల్లల టైపింగు కోసం పెట్టినాము. కొత్త దాని మూత తీసి ఏది బోర్డు, ఏది మెమొరీ అని చూపించేది ఆ పదో తరగతి పిల్లవాడే. ఈ విషయంలో వాడు నాకు ఉస్తాదు. మాస్టరు అయినవాడు శిష్యుని దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి సిగ్గుపడనక్కర లేదు. తెలియకుండా పరాయి సొమ్ము ఖర్చు పెట్టడానికే సిగ్గుపడాలె.