రైలు ఏ దారిన పోయినా మన మగ్గం పుస్తకంలో ఉండాలె
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మాది సోలాపురం చేనేత సహకార సంఘం. మేము ఎనిమిదో తరగతి దాకనే చదివినోళ్ళం. మాటలో తప్పుంటే సర్దుకొని వినగలరు.

నూలు ధరల గురించి, బకాయిల గురించి మాట్లాడుదామని వచ్చినం. పొద్దున టిఫిన్ల కాడ భివండీ పిల్లలు పట్టుకున్నరు. "కాకా, మా ఊరికి మెట్రో వస్తున్నది. ఏ దారిన వస్తే మనకు మంచిదో నాలుగు మాటలు చెప్పు" అన్నరు. మేము ఇంజినీర్లం కాము. కానీ రోడ్డు కింద మగ్గాలు పోవుడు కండ్లతోటి చూసినోళ్ళం. కాబట్టి చెప్తున్నం.

థానే నుంచి భివండీ మీదుగా కళ్యాణ్ పోయే ఆ 5వ లైను పొడవు సుమారు 25 కిలోమీటర్లు. 2018 డిసెంబరులో శంకుస్థాపన అయింది. భివండీకి రైలు లేదని కాదు. వసయి–దివా లైను మీద భివండీ రోడ్ స్టేషను ఉన్నది, కానీ ఊరికి ఒక మూలకు. బండ్లు తక్కువ. ముంబై పోవాలంటే మనవాళ్ళు థానేకో కళ్యాణ్‌కో పోయి లోకల్ ఎక్కవలసిందే. అందుకని మెట్రో వద్దన్న మనిషిని మేము చూడలేదు. పేచీ అంతా ఏ దారిన అన్నదాని మీదనే.

మొదట స్తంభాల మీద నుంచే పోవాలన్నరు. పద్మనగర్ దగ్గరి ధామణ్‌కర్ నాకా దాటితే కళ్యాణ్ రోడ్డు ఇరుకు, రెండు పక్కల దుకాణాలు, ఇండ్లు. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగిండ్రు. చివరికి టేమ్‌ఘర్ దాకా సుమారు 3 కిలోమీటర్లు భూమి కింద నుంచి తీసుకపోవాలని నిర్ణయం మారింది. కలిసి అడిగితే కాగితం మీది గీత కూడా కదులుతదని దీంతో తెలిసింది.

ప్రతిసారీ కదలదు. బెంగళూరు ఇందిరానగర్‌లో సీఎంహెచ్ రోడ్డు వ్యాపారులు "మా రోడ్డు వద్దు, పాత మద్రాసు రోడ్డు మీదుగా పోనియ్యండి" అని కొట్లాడిండ్రు, కోర్టుకు పోయిండ్రు. దారి మారలేదు. 2011 అక్టోబరు 20న ఆ రోడ్డు మీదనే రైలు నడిచింది. అదే ఊర్లో పట్టుచీరల అంగళ్ళుండే చిక్‌పేటలో మాత్రం రైలు భూమి కిందనే పోతది. 2017 జూన్‌లో ఆ భాగం తెరిచిండ్రు.

ఏ దారికైనా ఒక ఖర్చు ఉంటది. స్తంభాల మీద పోతే ఖర్చు తక్కువ, కానీ స్తంభం రోడ్డు నడుమ నిలబడ్డా స్టేషను మెట్లకు పక్క జాగ కావాలె. కాబట్టి లైను ఎటు అని అడుగుడు సాలదు, మెట్లు ఎక్కడ దిగుతయో అడగాలె. భూమి కింద అయితే ఖర్చు రెండింతలు, మూడింతలు. నడుమ సొరంగం తొలిచినా స్టేషను కాడ పెద్ద గుంత తవ్వాలె, ఏండ్ల కొద్దీ రోడ్డు మూతపడుతది. ఊరి బయట నుంచి తిప్పితే ఇండ్లు మిగులుతయి, కానీ దినాం పనికిపోయే మనిషి స్టేషను దాకా మళ్ళీ ఆటోకు పైసలు పెట్టాలె. ఉత్తగ వచ్చే దారి ఏదీ లేదు.

ఇగ మా తప్పు చెప్తం. చానా ఏండ్ల కింద మా దిక్కు రోడ్డు వెడల్పు చేసిండ్రు. ఒక సభ్యుని ఇల్లు పోయింది. అద్దె ఇల్లు, రెండు గుంట మగ్గాలు. ఇంటి యజమానికి పైసలు ముట్టినయి. మగ్గం నేసేటోళ్ళను మాత్రం "ఇక్కడ ఉన్నట్టు రుజువు తెండి" అన్నరు. ఆమె మా సంఘానికి వచ్చింది. పుస్తకం తీస్తే మగ్గాలు రెండూ ఆమె బావగారి పేరు మీద ఉన్నయి. నూలు ఆయన పేరుతోటే పోయేది. మాకు తెలుసు. "తర్వాత మార్చుదాం లే" అని ఊకున్నం. ఆమె ఒక్కటే మాట అడిగింది: "సెక్రెటరీ సాబ్, ఇరవై ఏండ్లు నేను నేసిన బట్ట మీరే కొలిచి తీసుకున్నరు గదా. మీ పుస్తకంల నేను లేనా?" మేము తల ఎత్తలేకపోయినం. మగ్గం సామాను ఎత్తుకొని పోయిండ్రు. గుంటను ఎత్తుకొని పోలేరు గదా. మళ్ళీ వాళ్ళు మగ్గం పెట్టలేదు.

2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే యజమాని ఒక్కడే కాదు. మూడేండ్ల ముందు నుంచి ఆ చోట పని చేసుకుంటా, అదే బతుకుదెరువుగా ఉన్న అద్దెవాళ్ళు, చేతివృత్తులోళ్ళు కూడా అందులో వస్తరు. మెట్రోకు వేరే పద్ధతులు కూడా ఉంటయి కాబట్టి మన జాగ ఏ పద్ధతి కింద తీసుకుంటున్నరో రాతపూర్వకంగా అడగండి. యజమానుల లెక్క వేరే, అద్దెవాళ్ళ లెక్క వేరే, మగ్గాల, సాంచాల లెక్క వేరే రాయించండి. కరెంటు బిల్లు, అద్దె రశీదు, నేతకారుల కార్డు, సంఘం పాసు పుస్తకం ఒక సంచిలో పెట్టండి. తోటి కార్యదర్శులకు మనవి: ఎవరు నేస్తరో వాళ్ళ పేరే రాయండి. ఆడవాళ్ళ పేరు తప్పక రాయండి. మేము ఆ ఏడాదే మా పుస్తకం తిరగరాసినం. ఆమెకు మాత్రం అది పనికి రాలేదు.

ఆఖరి మాట. మన గల్లీ తప్పించుమని అర్జీ పెట్టుడు తప్పు కాదు. కానీ "పక్క గల్లీ నుంచి తీసుకపోండి" అని రాయకండి. అక్కడ కూడా ఎవరింట్లోనో మగ్గం ఉంటది. రెండు గల్లీలోళ్ళు ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టి పోతే ఆఫీసులో కుర్చీ వేస్తరు. విడివిడిగా పోతే ఒకరిని చూపి ఇంకొకరిని పంపిస్తరు.

రైలు రావాలె, మన పిల్లలు ఎక్కాలె. ఎక్కేటప్పుడు "మన ఇల్లు ఇక్కడనే ఉండేది" అని చూపించుకునే గతి రావద్దు. జై మార్కండేయ.